మల్లీశ్వరి ఎత్తలేకపోయిన 137.5 కిలోలు

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక ఇనప గుండుతో మొదలుపెడతాను. తుపాకీ గుండు కాదండీ, షాట్‌పుట్ గుండు. ఆడవాళ్ళ పోటీల్లో వాడేది నాలుగు కిలోలు ఉంటుంది, మగవాళ్ళది 7.26 కిలోలు. మా బడిలో అలాంటిది ఒకటే ఉండేది. తుప్పు పట్టి ఉండేది. డ్రిల్లు సారు దాన్ని బీరువా తలుపుకి అడ్డం పెట్టుకునేవారు.

మా ఊరు నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య, హైవే దిగి లోపలికి వెళ్తే వస్తుంది. 2022 నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా. నేను చదువుకునే రోజుల్లో కృష్ణా జిల్లా. కృష్ణా జిల్లా అనగానే చాలామందికి పచ్చటి వరిచేలు గుర్తొస్తాయి కదా, అది డెల్టా. మాది మెట్ట. మిరప, పత్తి, జగ్గయ్యపేట వైపు సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. బరువులు మోయడం మా దగ్గర ఆట కాదు, రోజూ ఉండే పని.

మా పెద్దమ్మ కూతురు, మా అక్క, నాకంటే ఒక ఏడాది పెద్దది. కల్లంలో మిరపకాయల టిక్కీ మగవాళ్ళతో సమానంగా అటు చివర పట్టుకుని లేపేది. టిక్కీ అంటే తెలుసు కదా, తొక్కి తొక్కి కూరిన మిరపకాయల బస్తా. నలభై కిలోల దాకా తూగుతుంది. ఒకరోజు బడిలో ఆ ఇనప గుండు తీసుకుని విసిరితే సున్నపు గీత దాటి వెళ్ళి వేపచెట్టు మొదట్లో పడింది. డ్రిల్లు సారు రెండోసారి వేయమన్నారు. మళ్ళీ అక్కడే పడింది. నందిగామలో జోనల్ గేమ్స్‌కి పేరు రాసుకున్నారు.

ఆరోజు నేనేం చేశానో చెప్పాలి. నవ్వాను. మా తరగతి మగపిల్లలం అందరం నవ్వాం. "భీముడొచ్చాడ్రోయ్" అని నేనే ముందు అరిచాను. ఆ పేరు ఆమెకి ఉండిపోయింది. నందిగామలో ఆడింది, గెలిచింది, స్టీలు గ్లాసు బహుమతి తెచ్చుకుంది. ఆ పై పోటీలకి వెళ్ళలేదు. "ఆడపిల్లకి గుండెందుకే, భుజాలు గట్టిపడితే రేపు సంబంధాలు ఎట్టా వస్తాయి" అన్నారు ఇంట్లో. బయట ఆ పేరు పెట్టి పిలుస్తుంటే ఆమెకి కూడా విసుగొచ్చింది. గుండు మళ్ళీ బీరువా దగ్గరికి పోయింది.

ఇది 2000 సంవత్సరం, ఆగస్టు నెల. ఆ తర్వాత సరిగ్గా కొన్ని వారాలకే సిడ్నీ ఒలింపిక్స్. అక్కడ ఒక తెలుగమ్మాయి ఏం చేసిందో మీ అందరికీ ఒక్క వాక్యంలో తెలుసు. "కరణం మల్లీశ్వరి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ." పోటీ పరీక్షల పుస్తకాల్లో బిట్టు. కానీ ఆ ఒక్క వాక్యంలో పట్టని సంగతి ఒకటుంది. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. బలం అనగానే మన కళ్ళముందుకి ఎవరొస్తారు?

మన తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. ఒంగోలు ఎడ్లు, వాటి వెనక బండ, పక్కన చర్నాకోల పట్టుకుని మగాళ్ళు. మన తెలుగు నేల మీద బలం గురించి చెప్పుకునే పేర్లన్నీ మగపేర్లే. ఉత్తరాంధ్రలో వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీకి చుట్టిన ఇనప గొలుసులు తెంపేవారు, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకునేవారు. సొంతంగా సర్కస్ కంపెనీ నడిపారు. మన కృష్ణా జిల్లాకే వస్తే దండమూడి రాజగోపాలరావు గారు, పేరున్న వెయిట్‌లిఫ్టర్. 1963లో వచ్చిన నర్తనశాల సినిమాలో భీముడు ఆయనే. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. బస్సులో వెళ్తూ ఆ పేరు చదివే ఉంటారు మీలో చాలామంది.

నేను మా అక్కని "భీముడు" అని పిలిచాను అన్నాను కదా. ఎందుకు అలా అన్నానో ఇప్పుడు అర్థమవుతుంది. బలమున్న ఆడమనిషికి నా దగ్గర వేరే పేరు లేదు. చూడలేదు, వినలేదు. ఏ సినిమాలోనూ లేదు, ఏ స్టేడియం మీదా లేదు.

సరే, ఇది మన ఊళ్ళ గొడవ మాత్రమేనా అంటే కాదండీ. ప్రపంచం మొత్తం అదే లెక్కలో ఉంది. 1896లో ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు షాట్‌పుట్ ఉంది, వెయిట్‌లిఫ్టింగ్ ఉంది. రెండూ మగవాళ్ళకే. ఆడవాళ్ళకి షాట్‌పుట్ ఎప్పుడు పెట్టారు? 1948లో, లండన్‌లో. అంటే 52 ఏళ్ళ తర్వాత. ఆ మొదటి స్వర్ణం గెలిచిన ఫ్రాన్స్ అమ్మాయి మిషెలీన్ ఓస్టర్‌మేయర్ వృత్తిరీత్యా పియానో వాయించే కళాకారిణి. గుండు విసిరితే చేతులు మొద్దుబారిపోతాయి అనేవాళ్ళకి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

మరి వెయిట్‌లిఫ్టింగ్? అది ఇంకా ఆలస్యం. ఆడవాళ్ళకి మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ 1987లో జరిగింది, అమెరికాలోని డేటోనా బీచ్‌లో. ఒలింపిక్స్‌లోకి మాత్రం 2000లో, సిడ్నీలోనే అడుగుపెట్టారు. మగవాళ్ళ తర్వాత 104 ఏళ్ళకి. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. మల్లీశ్వరి గారు ప్రపంచంలో అందరికంటే మెరుగ్గా బరువులు ఎత్తుతున్న రోజుల్లో ఆమె ఆటకి ఒలింపిక్స్‌లో చోటే లేదు.

ఇప్పుడు ఆమె కథలోకి వద్దాం.

శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస తెలుసు కదా. రైల్లో వెళ్తుంటే శ్రీకాకుళం రోడ్ అని స్టేషన్ వస్తుంది, అదే ఆమదాలవలస. దాని దగ్గర ఊసవానిపేట అనే ఊరు. మల్లీశ్వరి గారు పెరిగింది అక్కడే. పుట్టింది 1975 జూన్ 1న. నాన్నగారు రైల్వే ప్రొటెక్షన్ ఫోర్స్‌లో కానిస్టేబుల్. ఇంట్లో అందరూ ఆడపిల్లలే. ఆ పిల్లలు బరువులు ఎత్తే ఆట నేర్చుకున్నారు. ఆ ఊళ్ళో నీలంశెట్టి అప్పన్న గారు అనే కోచ్ ఉండేవారు. పన్నెండేళ్ళ వయసులో ఆయన దగ్గర మొదలుపెట్టారు మల్లీశ్వరి.

మొదట్లో ఆమెని "సన్నగా ఉన్నావు, ఈ ఆటకి పనికిరావు" అన్నారట. తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో ఆమే చెప్పుకున్న సంగతి ఇది. అప్పుడు వెనక నిలబడింది వాళ్ళమ్మ. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మా ఇంట్లో ఏమన్నారు? భుజాలు గట్టిపడతాయి, వద్దు అన్నారు. అక్కడ ఒక అమ్మ, ఒక కానిస్టేబుల్ జీతం మీద బతికే ఇల్లు, ఇంతమంది ఆడపిల్లల పెళ్ళిళ్ళ బాధ్యత నెత్తిన పెట్టుకుని కూడా వద్దు అనలేదు. నాకు ఈ కథలో ఒలింపిక్ పతకం ఎంత ముఖ్యమో ఆ అమ్మ కూడా అంత ముఖ్యం.

అక్కడి నుంచి ఢిల్లీ, స్పోర్ట్స్ అథారిటీ, 1990లో జాతీయ శిబిరం. ఆ రోజుల్లో మన జట్టుకి శిక్షణ ఇచ్చిన వాళ్ళలో లియోనిద్ తరనెంకో ఉన్నారు. బెలారూస్ మనిషి. 1980 మాస్కో ఒలింపిక్ చాంపియన్. 1988లో 266 కిలోలు తలమీదికి ఎత్తిన మనిషి. మన టిక్కీల లెక్కలో చెప్పాలంటే ఆరున్నర టిక్కీలు ఒకేసారి. అలాంటి మనిషి కంట్లో పడ్డారు మన ఊసవానిపేట అమ్మాయి.

తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్తాను, వినండి. 1993లో మెల్‌బోర్న్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం. 1994లో ఇస్తాంబుల్‌లో స్వర్ణం. 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలో మళ్ళీ స్వర్ణం. 1996లో వార్సాలో కాంస్యం. నాలుగేళ్ళు, నాలుగు ప్రపంచ పతకాలు, అందులో రెండు స్వర్ణాలు. ఇవన్నీ 54 కిలోల విభాగంలో. మధ్యలో 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో రజతం, 1998 బ్యాంకాక్‌లో ఇంకో రజతం. 1994లో అర్జున అవార్డు, ఆ తర్వాత రాజీవ్ ఖేల్ రత్న, 1999లో పద్మశ్రీ.

చూశారా? ఇదంతా సిడ్నీకి ముందే. రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన తెలుగమ్మాయి ఉందని 2000 సెప్టెంబరు దాకా మా ఊళ్ళో ఒక్కరికి తెలియదు. నాకు తెలియదు. అదే ఏడాది క్రికెట్ జట్టులో పన్నెండో ఆటగాడి పేరు అడిగితే మాత్రం టకీమని చెప్పేవాణ్ణి.

ఇక ఆ ఆట ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెప్పుకోవాలి, లేకపోతే సిడ్నీలో జరిగింది అర్థం కాదు.

వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు భాగాలు. మొదటిది స్నాచ్. నేల మీద ఉన్న బార్‌బెల్‌ని ఎక్కడా ఆపకుండా ఒకే ఊపులో తలమీదికి తీసుకెళ్ళాలి. రెండోది క్లీన్ అండ్ జెర్క్. ముందు భుజాల దాకా తెచ్చి, ఊపిరి తీసుకుని, అక్కడి నుంచి తలమీదికి నెట్టాలి. ఒక్కోదానికి మూడేసి ప్రయత్నాలు. స్నాచ్‌లో బాగా ఎత్తినది ఒకటి, క్లీన్ అండ్ జెర్క్‌లో బాగా ఎత్తినది ఒకటి, రెండూ కూడితే మొత్తం. మొత్తం ఎవరిది ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. ఇద్దరిదీ సమానమైతే? ఎవరి ఒంటి బరువు తక్కువైతే వాళ్ళు గెలుస్తారు. ఆ రోజుల్లో రూలు అది.

ఇంకొక సంగతి. అప్పట్లో బరువుని రెండున్నర కిలోల చొప్పునే పెంచాలి. 130 తర్వాత 132.5, ఆ తర్వాత 135, 137.5. ఇప్పటిలాగా ఒక కిలో పెంచుతాం అంటే కుదరదు. ముఖ్యంగా, ఎంత బరువు ఎత్తుతానో ముందే చెప్పాలి. మెషీన్ చెప్పదు, ఎంపైర్ చెప్పడు. లిఫ్టరూ కోచ్ కలిసి అడగాలి. అడిగిన బరువు బార్‌కి ఎక్కిస్తారు. పోయి ఎత్తాలి. అంటే ఇది బలంతో పాటు బేరం కూడా అన్నమాట. మిర్చి యార్డులో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పినట్టు, అవతలి వాళ్ళ దగ్గర ఇంకా ఎంత ఉందో అంచనా వేసుకుని మన అంకె చెప్పాలి.

సిడ్నీకి వెళ్ళేముందు ఆమె మీద విమర్శలు బాగా వచ్చాయి. ఫామ్ పోయింది అన్నారు, ఒళ్ళు పెరిగింది అన్నారు, ఈమెని ఎందుకు పంపుతున్నారు అన్నారు. ఎందుకంటే 54 కిలోల విభాగంలో చాంపియన్ అయిన ఆమె సిడ్నీకి వెళ్ళింది 69 కిలోల విభాగంలో. 1997లో పెళ్ళయింది. భర్త రాజేశ్ త్యాగి గారు కూడా వెయిట్‌లిఫ్టరే. ఆమె హర్యానాలోని యమునానగర్ కోడలయ్యారు. "పెళ్ళయింది, లావైంది, ఇంకేం ఎత్తుతుంది" అనే మాట మన దగ్గర ఎంత తేలిగ్గా వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. కానీ కాస్త ఆలోచించండి. ఒక విభాగంలో పదిహేను కిలోలు పైకి వెళ్ళడం అంటే తిని కూర్చోవడం కాదు. అక్కడ మీ ప్రత్యర్థులు కూడా పెద్దవాళ్ళు, ఎత్తాల్సిన బరువు కూడా పెద్దది. చేతిలో ఉన్న లెక్క మొత్తం చెరిపేసి కొత్తగా రాసుకోవాలి.

2000 సెప్టెంబరు 19, మంగళవారం. ఇప్పుడు మీ ఫోన్లో కాలిక్యులేటర్ తెరవండి. సరదాకి చెప్పట్లేదు, నిజంగానే తెరవండి.

స్నాచ్ అయ్యేసరికి మల్లీశ్వరి ఎత్తింది 110 కిలోలు. చైనా అమ్మాయి లిన్ వైనింగ్ కూడా 110. హంగరీ అమ్మాయి ఎర్జెబెత్ మార్కుస్ 112.5. అంటే సగం పోటీ అయ్యేసరికి మన అమ్మాయి చైనాతో సమానం, హంగరీకి రెండున్నర కిలోలు వెనక. అంతే దూరం.

క్లీన్ అండ్ జెర్క్. మార్కుస్ 130 ఎత్తారు. 112.5 కి 130 కలిపితే 242.5. లిన్ 132.5 ఎత్తారు. 110 కి 132.5 కలిపితే అదీ 242.5. ఇద్దరూ సమానం. లిన్ ఒంటి బరువు తక్కువ, కాబట్టి ఆమె ముందు.

మల్లీశ్వరి 130 ఎత్తారు. 110 కి 130 కలిపితే 240. ఇంకొక ప్రయత్నం చేతిలో ఉంది. కాంస్యం దాదాపు ఖాయం.

ఇప్పుడు మీరైతే ఎంత అడిగేవారు?

132.5 ఎత్తితే మొత్తం 242.5. ముగ్గురూ సమానం, ఇక ఒంటి బరువులు చూసుకోవాలి. 135 ఎత్తితే 245. అందరికంటే పైన. ఆమె వైపు నుంచి అడిగింది 137.5. ఎత్తితే మొత్తం 247.5. స్వర్ణం.

130 నుంచి ఒకేసారి ఏడున్నర కిలోలు. ఆమె వెళ్ళారు. బార్ పట్టుకున్నారు. ఎత్తలేకపోయారు.

240 దగ్గర ఆగింది. లిన్‌కి స్వర్ణం, మార్కుస్‌కి రజతం, మల్లీశ్వరికి కాంస్యం. స్వర్ణానికీ కాంస్యానికీ మధ్య తేడా రెండున్నర కిలోలు. మన కిరాణా కొట్లో ఒక చిన్న పప్పు సంచి.

ఆ తర్వాత దీని గురించి చాలా మాటలు వచ్చాయి. లెక్క తప్పారు, 135 అడిగి ఉంటే సరిపోయేది అని. ఇప్పుడు ఫలితాల కాగితం ముందు పెట్టుకుని, కాలిక్యులేటర్ చేతిలో పెట్టుకుని, మనం కూడా అదే అంటాం. అన్ని అంకెలూ మన ముందు ఉన్నాయి కాబట్టి సులువు. అక్కడ బరువు అడిగేటప్పుడు కాలం నడుస్తూ ఉంటుంది, అవతలి వాళ్ళు తమ అంకెలు మారుస్తూ ఉంటారు, నిమిషాల్లో తేల్చాలి. అడిగిన బరువు తప్పో ఒప్పో మనం వందసార్లు వాదించుకోవచ్చు. నాకు అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి కనిపిస్తుంది.

అప్పటిదాకా భారతదేశం నుంచి ఒక్క మహిళ కూడా ఒలింపిక్ పతకం గెలవలేదు. అందరికంటే దగ్గరికి వెళ్ళింది 1984లో పి.టి. ఉష. నాలుగో స్థానం, సెకనులో వందో వంతు తేడా. దేశం మొత్తం పదహారేళ్ళుగా ఆ వందో వంతు తలుచుకుని ఏడుస్తోంది. అలాంటప్పుడు కంచు చేతికి వచ్చినంత దగ్గరగా ఉన్న ఒక మనిషి ఇది చాలు అనుకున్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఒక చిన్న బరువు అడిగి, ఎత్తి, నవ్వుతూ దండం పెట్టి దిగిపోవచ్చు. ఆమె స్వర్ణం బరువు అడిగారు. పడిపోయే అవకాశం ఉన్న బరువు అడిగారు. పతకాల పట్టికలో 240 అని ఉంటుంది. ఆ 137.5 పక్కన కొట్టివేత గీత ఒకటే ఉంటుంది. నా దృష్టిలో ఆమె ఎలాంటి క్రీడాకారిణో చెప్పే అంకె ఆ గీత పక్కన ఉన్నదే.

సిడ్నీలో భారత్‌కి వచ్చింది ఆ ఒక్క పతకమే. వంద కోట్ల దేశానికి ఒకే ఒక్కటి, అదీ శ్రీకాకుళం జిల్లా నుంచి. స్వతంత్ర భారతదేశంలో వ్యక్తిగత ఒలింపిక్ పతకం గెలిచిన వాళ్ళు అంతకుముందు ఇద్దరే. 1952లో కుస్తీలో ఖాషాబా జాదవ్, 1996లో టెన్నిస్‌లో లియాండర్ పేస్. మూడో పేరు ఆమెది.

మర్నాడు మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర పేపరు చేతులు మారుతూ తిరిగింది. మొదటి పేజీలో ఫోటో. తలమీద బార్‌బెల్, బిగించిన పళ్ళు, గట్టి భుజాలు. ఏ భుజాల గురించి మా ఇంట్లో భయపడ్డారో సరిగ్గా అవే భుజాలు. ఆ పేపరు నేను బడికి పట్టుకెళ్ళాను. మా అక్కకి చూపించాలనుకున్నాను. చూపించలేదు. చూపిస్తే నేను అన్న మాట నాకే తిప్పి కొడుతుందని భయం. మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

తర్వాత ఏమైందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మనం గెలిచిన రోజు దగ్గరే కథ ఆపేస్తుంటాం. 2001లో ఆమెకి బాబు పుట్టాడు. మళ్ళీ బరువుల దగ్గరికి వచ్చారు. 2002 కామన్వెల్త్ క్రీడలకి సిద్ధమవుతుండగా నాన్నగారు పోయారు, ఆ పోటీలు వదులుకున్నారు. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌కి వెళ్ళారు. అక్కడ పోటీ పూర్తి చేయలేకపోయారు. ఆ తర్వాత ఆటకి సెలవు. ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం చేశారు, యమునానగర్‌లో పిల్లలకి బరువులు ఎత్తడం నేర్పించారు. 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు. సన్నగా ఉన్నావు పనికిరావు అన్న పిల్ల ఒక విశ్వవిద్యాలయానికి పెద్ద అయింది.

వెయిట్‌లిఫ్టింగ్‌లో మన దేశానికి రెండో ఒలింపిక్ పతకం ఎప్పుడొచ్చిందో తెలుసా? 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో, మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను రజతం. ఇరవై ఒక్క ఏళ్ళు పట్టింది. ఈ మధ్యలో సైనా నెహ్వాల్, మేరీ కోమ్, సాక్షి మలిక్, మన సింధు, ఎంతమంది వచ్చారో చూడండి. ఇప్పుడు ఒలింపిక్స్ అంటే అమ్మాయిలు పతకం తెస్తారు అని ముందే అనుకుంటున్నాం. 2000కి ముందు అలా ఎవరూ అనుకోలేదు.

ఈ ఎపిసోడ్ తయారు చేస్తున్నప్పుడు మా అక్క దగ్గరికి వెళ్ళాను. ఆమెది నందిగామలోనే కాపురం. ఒక కూతురు, ఇంటర్ చదువుతోంది. ఫోన్లో సిడ్నీ వీడియో పెట్టి ఇచ్చాను. ఆఖరి ప్రయత్నం దగ్గర అక్క ఫోన్ కొంచెం దగ్గరికి తెచ్చుకుంది. అయిపోయాక నేను పాతికేళ్ళుగా దాచుకున్న మాట అన్నాను. "అక్కా, ఆరోజు భీముడు అని అరిచింది నేనే."

"తెలుసులేరా," అంది. "నీ గొంతు నాకు తెలియదా."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆమే వీడియో వెనక్కి జరిపి మళ్ళీ అదే చోట పెట్టింది. "130 ఎత్తినప్పుడు మోకాళ్ళు ఎంత గట్టిగా ఉన్నాయో చూడు. ఆమె దగ్గర ఇంకా బలం ఉంది. 135 అయితే లేచేదిరా" అంది. నేను ఫలితాల కాగితం చూసి కనిపెట్టింది ఆమె మోకాళ్ళు చూసి చెప్పింది. కల్లంలో టిక్కీలు లేపిన మనిషికి బరువు సంగతి తెలుసు.

"నువ్వయితే ఎంత అడిగేదానివి?" అన్నాను.

ఆమె జవాబు చెప్పలేదు. కూతుర్ని పిలిచి, "ఇటు రావే, ఇది చూడు" అని ఫోన్ ఆ పిల్ల చేతిలో పెట్టింది.

మీ ఇంట్లో, మీ వీధిలో, మీ బడిలో బరువు తేలిగ్గా లేపే ఆడపిల్ల ఎవరైనా ఉంటే నవ్వకండి. కనీసం నేను అరిచినట్టు అరవకండి. ఎంత లేపగలవు అని అడగండి చాలు, అంకె వాళ్ళే చెప్తారు.

ఇదండీ ఇవాళ్టి ఎపిసోడ్.